ఎవరి కూత గొప్ప? రాహుల్, పర్దీప్, పవన్‌లపై వాదనకు ఒక సమీక్ష

2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్ విశాఖపట్నంలో మొదలైంది. వేదిక పోర్టు వారి రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం. మొదటి మ్యాచ్ తెలుగు టైటాన్స్‌కూ తమిళ్ తలైవాస్‌కూ. అంతకు ముందు రెండు సీజన్లు టైటాన్స్‌కు కెప్టెన్‌గా ఉన్న పవన్ సెహ్రావత్ ఆ రాత్రి తలైవాస్ కెప్టెన్‌గా మ్యాట్ ఎక్కాడు. సొంతగడ్డ మీద టైటాన్స్ 35-38తో ఓడిపోయారు.

ఇలాంటి ఫలితం వచ్చిన ప్రతిసారీ విశాఖలో ఒక పాత పంచాయితీ మళ్లీ తలెత్తుతుంది. రాహుల్ చౌదరి, పర్దీప్ నర్వాల్, పవన్ సెహ్రావత్. ఈ ముగ్గురిలో అసలైన కూతగాడు ఎవరు? ఉక్కునగరంలో బీ షిఫ్టు దిగి స్కోరు ఫోన్‌లో చూసుకున్నవాడి నుంచి, స్టేడియంలో గొంతు పోయేలా అరిచి వచ్చిన కాలేజీ కుర్రాడి దాకా అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. "అంకెలు చూడు గురూ, పర్దీప్ దరిదాపుల్లో ఎవడున్నాడు?" అని ఒకరంటే, "ఒక్క మ్యాచ్‌లో ముప్ఫై తొమ్మిది తెచ్చినోడి ముందు అంకెల సంగతి ఎత్తకు" అని ఇంకొకరు. ఇద్దరి మాటా విని, "మీరంతా ఈ మధ్య వచ్చారు, రాహుల్ లేకపోతే ఇక్కడ కబడ్డీ చూసేవాడే లేడు" అని పెద్దవాడొకడు.

ఈ మూడు మాటలూ నిజమే. అయినా వాదన తేలదు. ఒకడు తూకంతో, ఇంకొకడు కుంచంతో కొలుస్తూ ఎవరి ధాన్యం ఎక్కువని తగువు పడితే ఎలా తేలుతుంది? ఏళ్లుగా సాగుతున్న ఈ వాదనలో ఏయే కొలతలు వాడుతున్నారు, ఒక్కో కొలత ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది అన్నదే ఈ సమీక్ష.

మొత్తం పాయింట్ల లెక్క

మొదటిదీ, అందరికీ తేలికగా అందేదీ మొత్తం పాయింట్ల లెక్క. ఈ లెక్కలో పర్దీప్ నర్వాల్‌కు పోటీ లేదు. హర్యానాలో సోనీపత్ జిల్లా రిండానా గ్రామం నుంచి వచ్చిన పర్దీప్ రెండో సీజన్‌లో బెంగళూరు బుల్స్‌తో మొదలుపెట్టి, మూడో సీజన్ నుంచి పట్నా పైరేట్స్‌కు ఆడి, తర్వాత యూపీ యోధా మీదుగా మళ్లీ బెంగళూరుకే చేరాడు. 2025లో ఆట మానేసేనాటికి అతని కూత పాయింట్లు 1,800 దాటాయి. 2017లో, అంటే అయిదో సీజన్‌లో, 26 మ్యాచ్‌లాడి 369 కూత పాయింట్లు తెచ్చాడు. ఒక సీజన్‌లో అంతకు మించి తెచ్చినవాడు ఇప్పటికీ లేడు.

అయితే ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. మొదటి నాలుగు సీజన్లలో ఆడినవి ఎనిమిదే జట్లు. లీగ్ దశలో ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. అయిదో సీజన్‌లో జట్లు 12 అయ్యాయి, లీగ్ మ్యాచ్‌లు 22కు పెరిగాయి. రాహుల్ చౌదరి తన ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న రోజుల్లో ఆడింది ఆ చిన్న సీజన్లే. నాలుగో సీజన్‌లో 146 కూత పాయింట్లతో అందరికంటే పైన నిలిచాడు. ఆ 146ను ఈ 369 పక్కన పెట్టి చూసే కుర్రాడికి రాహుల్ మామూలు ఆటగాడిలా కనిపిస్తాడు. లీగ్‌లో 500 కూత పాయింట్లు మొదట దాటినవాడు రాహులేనన్న సంగతి ఆ అంకెలో కనిపించదు.

సరే, మ్యాచ్‌కు సగటు తీద్దాం. పర్దీప్ అయిదో సీజన్ సగటు 14.2. ఏడో సీజన్‌లో పవన్ 24 మ్యాచ్‌ల్లో 346 తెచ్చాడు, సగటు 14.4. మొత్తంలో వెనకపడ్డవాడు సగటులో ఓ అడుగు ముందుకొచ్చాడు. ఒక్క మ్యాచ్ లెక్క తీస్తే 2019 అక్టోబరు 2న హర్యానా స్టీలర్స్ మీద పవన్ తెచ్చిన 39 కూత పాయింట్లు రికార్డు. దానికి ముందు రికార్డు పర్దీప్‌ది, 34. అది కూడా హర్యానా స్టీలర్స్ మీదే, 2017 ఎలిమినేటర్ మ్యాచ్‌లో. ఆ మ్యాచ్‌లోనే పర్దీప్ ఒకే కూతలో అవతలి కోర్టు మొత్తాన్ని ఖాళీ చేసి జట్టుకు 8 పాయింట్లు తెచ్చాడు. అంటే అంకెల పక్షం వాళ్లు కూడా తమలో తాము ఒక మాట మీద లేరు. మొత్తమా, సగటా, ఒక్క రాత్రి విశ్వరూపమా అన్నది ముందు తేల్చుకోవాలి.

అంకె వెనకున్న సంజీవని

పాయింట్ల పట్టిక చెప్పని అసలు సంగతి ఆట నిర్మాణంలో ఉంది. మనం చూసే ఈ కబడ్డీ సంజీవని పద్ధతి. ఔటైనవాడు బెంచీ మీద కూర్చుంటాడు. తన జట్టు అవతలివాడినొకణ్ని ఔట్ చేస్తే ఇవతల ఒకడు తిరిగి లేస్తాడు. బోనస్ పాయింటుకు మాత్రం ఎవరూ లేవరు. 40 నిమిషాల ఆటలో ఒక్కో జట్టుకు దక్కే కూతలు మామూలుగా నలభై, అటూ ఇటూగా. ప్రధాన రైడర్ ఔటై బెంచీ మీద ఎంతసేపు కూర్చుంటే అన్ని కూతలు పోయినట్టే.

అతన్ని మళ్లీ లేపేది ఎవరు? రెండో రైడర్, లేదా పట్టు పట్టే డిఫెండర్లు. కాబట్టి రైడర్ ఖాతాలో పడిన ప్రతి పాయింటులోనూ వాళ్ల వాటా ఉంటుంది, పట్టికలో మాత్రం ఉండదు. పట్నా కథే చూడండి. అయిదో సీజన్‌లో పర్దీప్ పక్కన మోనూ గోయత్ ఉన్నాడు. పర్దీప్ కూర్చున్నప్పుడల్లా లేపిన చెయ్యి చాలాసార్లు అతనిదే. పట్నా వరసగా మూడో టైటిల్ గెలిచింది. తర్వాతి వేలంలో హర్యానా స్టీలర్స్ మోనూను 1.51 కోట్లకు తన్నుకుపోయింది. ఆరో సీజన్‌లో పర్దీప్ 233, ఏడో సీజన్‌లో 302 కూత పాయింట్లు తెచ్చాడు. ఆ రెండు సీజన్లలోనూ పట్నా ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. ఎనిమిదో సీజన్‌కు పర్దీప్ యూపీ యోధాకు వెళ్లిపోయాడు. అతను లేని పట్నా ఫైనల్ చేరి, ఢిల్లీ చేతిలో 36-37తో, ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

పర్దీప్ గొప్ప తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. కూత పాయింటు ఒక్కడి సొంత ఆస్తి అనుకుంటేనే చిక్కు అని చెప్పడానికి. ఇంకో కోణం కూడా ఉంది. ఎదురుగా ఎందరు ఉండగా తెచ్చిన పాయింటు? ఏడుగురు నిలబడ్డ కోర్టులోకి వెళ్లి ఒకణ్ని తాకి రావడం వేరు, ఇద్దరే మిగిలిన కోర్టులో ఒకణ్ని తాకడం వేరు. ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు బోనస్ గీత దాటి తెచ్చే పాయింటు ఇంకొక రకం. ముగ్గురు, అంతకన్నా తక్కువ మంది డిఫెండర్లు ఉన్నప్పుడు దొరికిపోతే అవతలి జట్టుకు సూపర్ ట్యాకిల్ కింద రెండు పాయింట్లు పోతాయి. వరసగా రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే డూ ఆర్ డై కూతలో ఉత్త చేతులతో వెనక్కి వస్తే ఔటే. ఒత్తిడిలో తెచ్చిన ఒక్కటి, తీరుబడిగా తెచ్చిన మూడింటికన్నా విలువైంది కావచ్చు. పట్టిక అన్నిటికీ ఒకే వెల కడుతుంది.

చూపరి కంటి లెక్క

అంకెలతో విసిగినవాళ్లు శైలి దగ్గరికి వస్తారు. ఇక్కడ వాదన రంజుగా ఉంటుంది, ఎందుకంటే ముగ్గురి ఆటా మూడు దారులు.

పర్దీప్ పేరు చెబితే డుబ్కీ. దాన్ని నిదానంగా చూస్తే అర్థమవుతుంది. కూతగాడు అవతలి కోర్టులో లోతుగా వెళ్లి ఒకణ్ని తాకాడు. ఇప్పుడు వెనక్కి రావాలి. ఎదురుగా ఇద్దరు కవర్ ఆటగాళ్లు చేతులు కలిపి చెయిన్ కట్టి, ఛాతీ ఎత్తులో అడ్డం వచ్చారు. పక్కనుంచి కార్నర్ ఆటగాడు కాలు అందుకోవడానికి ఉరుకుతున్నాడు. మామూలు రైడర్ పక్కకు తప్పుకోవాలని చూసి కోర్టు అంచు పట్టీ అయిన లాబీలోకి నెట్టబడతాడు. పర్దీప్ ఆ క్షణంలో నడుము దగ్గర మడుచుకుని, తల ఆ కలిపిన చేతుల కింద దూర్చి, వాళ్ల మోకాళ్ల ఎత్తులోంచి అవతలికి తేలతాడు. వాళ్లు చేతులు కిందికి దించేసరికి అతని అరచెయ్యి మిడ్ లైన్ మీద ఉంటుంది. చెయిన్ కట్టినవాళ్లు అతన్ని తాకారు కాబట్టి వాళ్లిద్దరూ ఔట్. తనను పట్టడానికి వచ్చిన బలాన్నే పాయింట్లుగా మార్చుకునే విద్య అది. అందుకే అతని ఖాతాలో ఒకే కూతకు మూడు, నాలుగు పాయింట్లు అన్నన్నిసార్లు పడ్డాయి.

పవన్‌ది గాలి దారి. అతనికి 'హై ఫ్లయర్' అని పేరు. చెయిన్ కిందికి దిగితే మీదుగా దూకుతాడు. అయితే అభిమానుల్లో అతనికి పేరు దూకడం వల్లే వచ్చినా, పాయింట్లు ఎక్కువగా వచ్చేది పాదాల వేగం వల్ల. ఎడమకు వెళ్తున్నట్టు భుజం తిప్పి కుడికి చెయ్యి చాచడం, డిఫెండర్ బరువు తప్పు కాలి మీద పడేలా చెయ్యడం అతని పని.

రాహుల్‌ది ఎత్తు, చేతి పొడవు, తెగువ. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ జిల్లా నుంచి వచ్చిన ఈ కుర్రాడు పరుగెత్తుతూ చెయ్యి చాచి తాకి తిరిగొచ్చే తీరుకు విశాఖ జనం మొదటి సీజన్‌లోనే దాసోహమన్నారు. లీగ్ మొదటి ఏడాది 2014లోనే టైటాన్స్ సొంత మ్యాచ్‌లు ఇక్కడ జరిగాయి, 2016 జనవరిలో మూడో సీజన్ ప్రారంభం కూడా ఇక్కడే. ఆరు సీజన్లు ఒకే జెర్సీ. అభిమానులు ఇప్పటికీ రాహుల్‌ను వదలకపోవడానికి కారణం అందులో చాలావరకు ఉంది.

శైలి కొలతకు బలం ఏమిటంటే, ఆటలో అంకెకు అందని తెలివిని అది పట్టుకుంటుంది. బలహీనత కూడా అక్కడే. కంటికి ఇంపైన కూత మనసులో నిలుస్తుంది, ఇంపు లేని కూత మరుపున పడుతుంది. భారత జట్టు మాజీ కెప్టెన్ అనూప్ కుమార్ మొదటి సీజన్‌లో 155 కూత పాయింట్లతో ముందున్నాడు. అతను ఎగరలేదు, దూరలేదు. బోనస్ గీత దగ్గర నిలబడి, డిఫెండర్ ఓపిక నశించేదాకా ఆగి, కాలి వేలితో ఒక పాయింటు తీసుకుని నడిచి వచ్చేవాడు. అతని పేరు ఈ వాదనలో ఎవరూ ఎత్తరు.

ట్రోఫీ, ధర: రెండు అద్దె కొలతలు

"గెలిచిందెవరు?" అన్నది మూడో పక్షం. పర్దీప్ మూడు టైటిళ్లు అందుకున్న పట్నా జట్టులో ఉన్నాడు. పవన్ ఆరో సీజన్ ఫైనల్లో గుజరాత్ మీద 22 పాయింట్లు తెచ్చి బెంగళూరు బుల్స్‌కు కప్పు ఇచ్చాడు. రాహుల్ టైటాన్స్ జెర్సీలో కప్పు ఎత్తలేదు. రెండో సీజన్‌లో మూడో స్థానం, నాలుగో సీజన్‌లో సెమీఫైనల్. అతను చాంపియన్ జట్టులో సభ్యుడైంది తొమ్మిదో సీజన్‌లో జైపూర్ పింక్ పాంథర్స్‌తో. అప్పటికి ఆ జట్టు భారం మోసింది 296 కూత పాయింట్లు తెచ్చిన అర్జున్ దేశ్వాల్. ట్రోఫీయే కొలత అయితే, టైటాన్స్‌ను భుజాన మోసిన రాహుల్ కంటే బెంచీ మీది రాహుల్ గొప్పవాడని ఒప్పుకోవాలి. ఆ మాట ఏ అభిమానీ ఒప్పుకోడు.

ధర ఇంకా బలహీనమైన కొలత. పవన్ తొమ్మిదో సీజన్ వేలంలో 2.26 కోట్లకు తమిళ్ తలైవాస్‌కు వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. పదో సీజన్‌కు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టింది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే అత్యధికం. రెండు సీజన్లు గడిచాక, పన్నెండో సీజన్ వేలంలో అతని ధర 59.5 లక్షలు. అదే వేలంలో 1,800 పాయింట్ల పర్దీప్‌ను కొనేవారే లేకపోయారు. ధర అనేది వయసు, గాయం, ఆ ఏటి జట్టు అవసరం, పాటదారు జేబులో మిగిలిన డబ్బు, వీటన్నిటి ఫలితం. నైపుణ్యం అందులో ఒక పాలు మాత్రమే.

పట్టు పట్టేవాడి మాటేమిటి?

మన వాదనల్లో అన్నిటికంటే పెద్ద లోటు ఇది. ముగ్గురు రైడర్ల గురించి రాత్రంతా మాట్లాడేవాళ్లను టైటాన్స్ మంచి కార్నర్ ఎవరని అడగండి, కాసేపు ఆలోచిస్తారు.

టైటాన్స్ చరిత్రే ఈ లోటుకు సాక్ష్యం. ఏడో సీజన్‌కు సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు తెచ్చారు. పదో సీజన్‌కు పవన్‌ను 2.605 కోట్లకు తెచ్చారు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకు టైటాన్స్ గెలిచింది ఒక్కటి. తొమ్మిదిలో రెండు. పవన్ ఉన్న పదో సీజన్‌లోనూ రెండే. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌ల్లో అయిదు గెలుపులు, మూడుసార్లూ అట్టడుగు స్థానం. లీగ్‌లో అత్యంత ఖరీదైన రైడర్‌ను పెట్టుకున్న ఏడాది కూడా జట్టు అడుగునే ఉంది.

అదే పదో సీజన్‌లో కప్పు గెలిచిన పుణేరి పల్టన్‌లో పవన్ స్థాయి పేరున్న రైడర్ లేడు. కూతలను అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లు పంచుకున్నారు. వెనక ఎడమ కార్నర్‌లో ఇరాన్ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్లూయి నిలబడ్డాడు. ఆ సీజన్ ట్యాకిల్ పాయింట్లలో మొదటివాడు అతనే. పదకొండో సీజన్‌లో అతను హర్యానా స్టీలర్స్‌కు వెళ్లాడు, కప్పు కూడా హర్యానాకే వెళ్లింది. దీన్ని చూసి "అయితే డిఫెండరే అసలు సిసలు" అని ఎగిరిపడనక్కరలేదు. పన్నెండో సీజన్‌లో 2.23 కోట్లకు గుజరాత్ వెళ్లిన షాద్లూయి జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఒక కార్నర్ పట్టు పట్టాలంటే పక్కనున్న కవర్ సరైన క్షణంలో దూకాలి. ఒకడు కాలు పట్టినప్పుడు రెండోవాడు నడుము మీద పడకపోతే, పట్టినవాడే పాయింటై పోతాడు.

డిఫెండర్‌ను కొలవడం రైడర్‌ను కొలవడం కన్నా కష్టం. మంచి కార్నర్ ఉన్నాడని రైడర్ ఆ వైపు వెళ్లడం మానేస్తే, ఆ కార్నర్ చేసిన మేలు ఏ పట్టికలోనూ పడదు. డిఫెండర్ ఫజల్ అత్రాచలి ట్యాకిల్ పాయింట్లలో లీగ్ చరిత్రలోనే ముందున్నాడు. అయితే అతను ఉన్నందువల్ల అవతలివాళ్లు ఎన్ని కూతలు ఖాళీగా వెనక్కి తెచ్చుకున్నారో లెక్కపెట్టినవాళ్లు తక్కువ. టైటాన్స్ పన్నెండో సీజన్‌లో విజయ్ మలిక్ కెప్టెన్సీలో, ఒక్కడి మీద భారం వేయకుండా ఆడి ప్లేఆఫ్స్‌లో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. పవన్ లేని ఏడాది జట్టు అంత దూరం పోవడం, పైన చెప్పిన వాదాలన్నిటికీ ఇంటి దగ్గరి జవాబు.

జకార్తాలో ఇద్దరూ ఒకే జట్టు

లీగ్‌లో ప్రత్యర్థులైనవాళ్లు దేశం జెర్సీలో ఒకటవుతారు. 2018 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లిన భారత జట్టులో రాహుల్, పర్దీప్ ఇద్దరూ ఉన్నారు. తెలంగాణ నుంచి గంగాధరి మల్లేశ్ కూడా ఉన్నాడు. 1990 బీజింగ్ నుంచి అప్పటిదాకా ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ బంగారం భారత్‌ది తప్ప ఇంకొకరిది కాలేదు. జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో మనల్ని ఆపేసింది. మనం ఇక్కడ ఎవరు గొప్పని కొట్టుకునే ఇద్దరూ ఉన్న జట్టుకు ఆ రోజు మొత్తం వచ్చింది 18 పాయింట్లు. ఇరాన్ డిఫెండర్లలో కొందరు మన లీగ్‌లోనే ఈ రైడర్ల ఎదుట ఏళ్ల తరబడి నిలబడి, వాళ్ల అడుగు చదవడం నేర్చుకున్నవాళ్లు. డుబ్కీ అయినా, చేతి పొడవు అయినా ఎదుటివాడికి తెలిసిపోయాక విలువ తగ్గుతుంది. నైపుణ్యం ఎదుటివాడితో కలిపి కొలవాల్సిన వస్తువు.

2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌలో జరిగిన ఫైనల్ మరో పాఠం. భారత్, ఇరాన్ 28-28. ఆట ముగియడానికి నిమిషం అటూ ఇటూగా ఉంది. పవన్ డూ ఆర్ డై కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగు పెట్టాడు. ఇరాన్ డిఫెండర్లు అతని వెంటపడి లాబీలోకి వచ్చారు. ఒక నిబంధన ప్రకారం రైడర్ గీత దాటగానే కూత ముగిసింది, అతని వెనక జరిగింది లెక్కలోకి రాదు. మరో నిబంధన ప్రకారం వెంట వచ్చిన డిఫెండర్లు కూడా ఔట్. నిర్ణయం అటూ ఇటూ మారింది, రెండు జట్లూ మ్యాట్ మీద కూర్చున్నాయి, ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. ఆ ఒక్క కూతను పవన్ గొప్పతనానికి రుజువుగా చూపేవాళ్లు, అదృష్టానికి రుజువుగా చూపేవాళ్లు విశాఖలో ఇద్దరూ ఉన్నారు. ఆ కూత విలువను తేల్చింది నిబంధనల పుస్తకం.

ఇతర ఆటల్లో ఇదే తగువు

ఈ చిక్కు కబడ్డీది మాత్రమే కాదు. పట్టు మీద నడిచే ఆటలన్నిట్లో ఉంది. బ్రెజిల్ జియు జిత్సులో రోజర్ గ్రేసీ, మార్కస్ అల్మైదా అభిమానుల మధ్య ఏళ్ల తరబడి ఇదే తగువు. 'బుషేషా' అన్న పేరుతో తెలిసిన అల్మైదా బ్లాక్ బెల్ట్ ప్రపంచ టైటిళ్లు 13, రోజర్‌వి 10. 2012లో ఇద్దరూ పాయింట్లు లేని, లొంగదీస్తేనే గెలుపు అనే పద్ధతిలో 20 నిమిషాలు పెనుగులాడి సమానంగా విడిపోయారు. 2017లో రియోలో మళ్లీ తలపడ్డప్పుడు రోజర్ వెనక నుంచి మెడ పట్టు పట్టి లొంగదీసి, ఆ మ్యాచ్‌తోనే ఆట నుంచి తప్పుకున్నాడు. టైటిళ్ల లెక్కలో ఒకరు, ముఖాముఖిలో ఇంకొకరు. అక్కడ కనీసం ఇద్దరే ఇద్దరు, మధ్యలో రిఫరీ. ముఖాముఖి తేల్చుకునే వీలుంది. కబడ్డీలో ఇద్దరు రైడర్లు ఒకరితో ఒకరు తలపడరు. ఒకరి తర్వాత ఒకరు వేరే వేరే ఏడుగురి మీదికి వెళ్తారు. పైగా జియు జిత్సులో బరువును బట్టి విభాగాలు ఉంటాయి. సీనియర్ పురుషుల కబడ్డీలో 85 కిలోల పైపరిమితి ఒక్కటే. ఆ లోపల తేలికవాడూ బరువువాడూ ఒకే మ్యాట్ మీద.

మన దగ్గర ఇంకా పాత ఉదాహరణ బీచ్ రోడ్డులో విగ్రహమై నిలబడి ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆయన కాలంలోనే గామా పహిల్వాన్ 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జ్‌బిస్కోతో రెండు గంటలు పైబడి పట్టినా ఫలితం తేలలేదు, 1928లో పటియాలాలో అతన్నే నిమిషం లోపు పడగొట్టాడు. ఇద్దరూ ఒకే కాలపు బలశాలులే. కానీ రామ్మూర్తి పేరు ప్రదర్శనల మీద, గామా పేరు కుస్తీల మీద నిలిచింది. వీరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు ఉమ్మడి కొలత లేదు. రాహుల్, పర్దీప్‌ల మధ్య కనీసం ఒకే లీగ్, ఒకే మ్యాట్ ఉన్నాయి. అందుకే ఈ వాదనను కాస్తయినా తేల్చవచ్చు.

మనవాళ్లు ఎక్కడ?

ఇంత వాదనలోనూ ఒక విచిత్రం కనిపిస్తుంది. తెలుగు టైటాన్స్ అభిమానులు కొట్టుకునేది ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీ కుర్రాళ్ల గురించి. 'ఒక్కడు', 'భీమిలి కబడ్డీ జట్టు' లాంటి సినిమాలు చూసి పెరిగిన ఉత్తరాంధ్రలో, సంక్రాంతికి చెడుగుడు పోటీలు పెట్టే ఊళ్లకు కొదవలేని నేల మీద, లీగ్‌లో మొదటి వరసలో నిలిచిన తెలుగు రైడర్ పేరు ఒక్కటీ చెప్పలేకపోతున్నాం. మట్టి మీద కూతకూ మ్యాట్ మీద కూతకూ చాలా తేడా. మట్టి మీద కాలు జారుతుంది, మ్యాట్ మీద బూటు అంటుకుంటుంది. మట్టి మీద ఆడినవాడి మలుపు మ్యాట్ మీద అరక్షణం ఆలస్యమవుతుంది, ఆ అరక్షణంలో చీలమండ దొరికిపోతుంది. హర్యానా పల్లెల్లో పిల్లలు చిన్నతనంలోనే మ్యాట్ ఎక్కుతున్నారు. మన పిల్లవాడు జిల్లా స్థాయికి వచ్చాక గానీ మ్యాట్ ముఖం చూడడం లేదు.

మహిళల ఆట విషయంలో వాదనే లేదు. హాంగ్‌ఝౌలో పురుషుల ఫైనల్ జరిగిన రోజే భారత మహిళలు చైనీస్ తైపీని 26-25తో ఓడించి బంగారం తెచ్చారు. ఒక్క పాయింటు తేడా గల ఆ ఫైనల్లో ఎవరి కూత గొప్పదని మన దగ్గర ఎవరూ గొంతు చించుకోలేదు.

తీర్పు

ఇన్ని కొలతలు పరిశీలించాక చెప్పగలిగింది ఇది. ఎక్కువ కాలం, ఎక్కువ పాయింట్లు, కూతకు ఎక్కువ మందిని ఔట్ చేసిన లెక్కలో పర్దీప్ నర్వాల్ ముందున్నాడు, ఈ ముగ్గురిలో ఆ స్థానానికి దగ్గర్లో ఇంకొకరు లేరు. ఒంటి చేత్తో మ్యాచ్‌ను తిప్పే శిఖర స్థాయిని కొలిస్తే ఆరు నుంచి ఎనిమిదో సీజన్ వరకు ఆడిన పవన్ సెహ్రావత్‌కు నా ఓటు. అతని పాయింట్లలో అన్ని దారుల నుంచి వచ్చినవీ ఉన్నాయి, ఒకే విద్య మీద ఆధారపడినవి కావు. చిన్న సీజన్ల సంగతి లెక్కలోకి తీసుకుంటే రాహుల్ చౌదరి అంకెలు చూపేదానికన్నా గొప్ప రైడర్. కానీ ఆ ఇద్దరి సరసన మొదటి స్థానానికి కాదు, మూడో స్థానానికి. విశాఖ అభిమాని మనసు నొచ్చుకుంటుందని తెలిసినా ఈ మాట చెప్పక తప్పదు.

వచ్చే సీజన్‌లో వాదన మళ్లీ మొదలైనప్పుడు ముందు ఏ కొలతతో మాట్లాడుతున్నారో చెప్పండి. ఎదురుగా ఎందరుండగా తెచ్చిన పాయింటో అడగండి. మీ జట్టు ఎడమ కార్నర్ పేరు, కుడి కవర్ పేరు తెలుసుకోండి. ఇక జట్టు యాజమాన్యాన్నీ, రాష్ట్ర కబడ్డీ సంఘాలనూ అడగాల్సింది ఒక్కటే ఉంది: వేలంలో ఒక రైడర్‌కు పెట్టే డబ్బులో చిన్న భాగంతో శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి జిల్లాల హైస్కూళ్లకు మ్యాట్లు ఇవ్వండి.